మాజ్దా ఆర్‌ఎక్స్-500 (1970): గీత, రోటరీ, మూడు రంగుల వెనక దీపాలు, 1/24 మోడల్

గీతలమేస్త్రి

జపాన్ కాన్సెప్ట్ కార్ల ఫొటోలు ఇక్కడ అప్పుడప్పుడూ పడుతుంటాయి. ‘అదిరింది’ అని నలుగురు అంటారు, అక్కడితో సరి. ఒక్క బండిని పట్టుకుని దాని గీత ఎందుకలా వచ్చిందో కడదాకా మాట్లాడుకోవాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

బండి మాజ్దా ఆర్‌ఎక్స్-500. 1970 అక్టోబరు 30న మొదలైన 17వ టోక్యో మోటార్ షోలో బయటపెట్టారు. కంపెనీ అసలు పేరు అప్పటికి టోయో కోగ్యో. 1920లో హిరోషిమాలో బెండు (కార్క్) సామాను చేసే సంస్థగా పుట్టింది. పేరులోని 500 ఆ యాభయ్యేళ్ల పండక్కి గుర్తు. గీసినవారు షిగెనోరి ఫుకుదా. చేసింది ఒక్కటే బండి.

కొలతలు: పొడవు 4,330 మి.మీ., వెడల్పు 1,720, ఎత్తు 1,065, వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య ఎడం) 2,450. బరువు 850 కిలోలు. సీట్ల వెనక, వెనక ఇరుసుకు ముందు 10ఏ అనే రోటరీ ఇంజిన్ (పిస్టన్ల బదులు తిరిగే త్రికోణపు రోటర్లు ఉండేది). తలుపులు సీతాకోకచిలుక రెక్కల్లా ముందుకీ పైకీ లేస్తాయి. ఇంజిన్ మీది మూతలు రెండూ నడివెన్ను దగ్గర కీలు పెట్టిన గల్‌వింగ్ రెక్కలు. నాలుగూ తెరిస్తే బండి మధ్యలో ఒక వెన్నెముక, దానికి రెండువైపులా రెక్కలు, అంతే కనబడతాయి.

ఆ ఏడాది అదే షోలో టయోటా ఈఎక్స్-7, నిస్సాన్ 126ఎక్స్ కూడా ఉన్నాయి. మూడూ మధ్య ఇంజిన్ బళ్లే, మూడూ చీలమేకు (వెడ్జ్) ఆకారాలే. కానీ ఆర్‌ఎక్స్-500ని పక్కనుంచి చూడండి. మిగతా మధ్య ఇంజిన్ బళ్లలో తలుపు దాటగానే పైకప్పు కిందికి జారిపోతుంది, లేదా నిలువు అద్దంతో తెగిపోతుంది. దీంట్లో పైకప్పు దాదాపు అదే ఎత్తులో తోకదాకా వెళ్లి, అక్కడ కత్తితో కోసినట్టు ఆగుతుంది. ముక్కు చూస్తే రేసు బండి, వెనక చూస్తే స్టేషన్ వ్యాగన్. ఈ బండికి ప్రాణం ఆ పొడుగు కప్పే అని నా అభిప్రాయం. అది సోకు కోసం పెట్టింది కాదు, చిన్న ఇంజిన్ ఇచ్చిన వీలు. కాదనేవాళ్లు లెక్కలతో రండి.

నీలిమ_1బై24

మేస్త్రిగారూ, మంచి సమయానికి మొదలుపెట్టారు. ఈ బండిని 1/24లో (అసలుకు ఇరవైనాలుగో వంతు) రెజిన్ ప్రింట్‌తో చేస్తున్నాం. మూడు ప్రశ్నలు.

ఒకటి, బ్లూప్రింట్లంటూ దొరికేవి ఒకదానితో ఒకటి పొసగడం లేదు. ఫొటోల నుంచి కొలత ఎలా తీయాలి? రెండు, తలుపు కీలు ఏ కోణంలో పెడితే సరిగ్గా ముందుకూ పైకీ లేస్తుంది? మూడు, అసలు బండిలోలాగే వెనక దీపాలు మూడు రంగుల్లో నిజంగా పనిచేయాలి. వేగం పెరిగితే ఆకుపచ్చ, నిలకడగా ఉంటే పసుపు, తగ్గితే ఎరుపు.

మ్యాచ్‌బాక్స్ బొమ్మ (సూపర్‌ఫాస్ట్ 66వ నంబరు, నారింజ రంగుది) ఒకటి దగ్గరుంది. దాన్ని స్కాన్ చేసి పెంచుకోవచ్చా?

గాలిలెక్క

బొమ్మను స్కాన్ చేయకండి నీలిమగారూ. అరచేతి బొమ్మల్లో చక్రాల కోసం, అచ్చు లోంచి ఊడిరావడం కోసం ఒంటిని అటూ ఇటూ సాగదీస్తారు. పెంచితే ఆ తప్పులు కూడా పెరుగుతాయి. రెక్కలు ఎక్కడ విడిపోతాయో చూసుకోవడానికి పనికొస్తుంది, అంతకు మించి వద్దు.

పైకప్పు విషయంలో మేస్త్రిగారితో ఏకీభవిస్తూనే ఒక మాట. గాలి ఒంటిని అంటిపెట్టుకుని జారాలంటే వాలు మెల్లగా ఉండాలి. సుమారు 12 నుంచి 15 డిగ్రీలు దాటితే గాలి ఊడిపోయి సుడి తిరుగుతుంది. డ్రైవరు తల వెనక వెంటనే కప్పు ఆపేస్తే అక్కడే సుడి పుడుతుంది, ఆ సుడి ఇంజిన్ మూత మీద కూర్చుంటుంది. డ్రాగ్ (గాలి అడ్డు) పెరుగుతుంది, వెనక చక్రాల మీద ఒత్తిడి కూడా తగ్గుతుంది. కప్పును మెల్లని వాలుతో తోకదాకా లాగి నిలువుగా కోసేస్తే గాలి విడిపోయే చోటు ఒక్క గీత మీద స్థిరపడుతుంది. కామ్ తోక అంటాం కదా, అదే సూత్రం. ఈ బండిని ఎక్కువ వేగంలో భద్రతను పరీక్షించే బండిగా చెప్పుకున్నారు కాబట్టి వెనక భాగం వేగంలో నిలకడగా ఉండటం అందం కంటే ముందు వస్తుంది.

ఇక్కడ ఒక చిక్కుంది. కప్పు కింద ఇంజిన్ మొత్తం మూసుకుపోతుంది, వేడి గాలి బయటికి పోవాలి. రోటరీ ఎగ్జాస్ట్ మామూలు పిస్టన్ ఇంజిన్ ఎగ్జాస్ట్ కంటే బాగా వేడి. అందుకే తోక కోసిన చోటు తెరిచి ఉంచడం తప్పదు. మోడల్‌లో ఆ వెనక పలకను గట్టిగా మూసేస్తే ఫొటోలో బండి బరువుగా, మొద్దుగా కనిపిస్తుంది. జాలీ పెట్టండి. 0.3 మి.మీ. మందం ఎచ్చింగ్ జాలీ అయితే ఈ స్కేలుకు నప్పుతుంది.

రోటర్‌బావ

చిన్న ఇంజిన్ ఇచ్చిన వీలు అన్నారు మేస్త్రిగారు. ఎంత చిన్నదో లెక్క కడదాం, మోడల్‌కీ పనికొస్తుంది.

10ఏలో మూడు కొలతలు చాలు. రోటర్ వ్యాసార్ధం 105 మి.మీ., ఎక్సెంట్రిసిటీ (షాఫ్ట్ మధ్యకూ రోటర్ మధ్యకూ ఉన్న ఎడం) 15 మి.మీ., రోటర్ మందం 60 మి.మీ. ఒక గది పరిమాణానికి సూత్రం 3 × √3 × ఎక్సెంట్రిసిటీ × వ్యాసార్ధం × మందం. అంటే 5.196 × 15 × 105 × 60, సుమారు 4,91,000 ఘన మి.మీ., అంటే 491 సీసీ. రెండు రోటర్లకు 982 సీసీ. మందం ఒక్కటి 70 చేస్తే 573 సీసీ, అది 12ఏ. 80 చేస్తే 654 సీసీ, అది 13బీ. వ్యాసార్ధం, ఎక్సెంట్రిసిటీ మార్చకుండా మందం ఒక్కటే పెంచుకుంటూ మాజ్దా ఎన్ని ఇంజిన్లు తీసిందో చూడండి. ఎంత చక్కటి పొదుపు!

ఇప్పుడు గది లోపలి కొలత. పొడుగు అక్షం 2 × (105 + 15) = 240 మి.మీ., పొట్టి అక్షం 2 × (105 − 15) = 180 మి.మీ. మాజ్దా ఇంజిన్లలో పొడుగు అక్షం నిలువుగా ఉంటుంది. స్పార్క్ ప్లగ్గులు ఒక పక్క, పోర్టులు (గాలి, పొగ వచ్చిపోయే రంధ్రాలు) ఇంకో పక్క. అంటే మంట మండే గది మొత్తం ఎత్తు 24 సెంటీమీటర్లు. ఒక్కో గది మందం 6 సెంటీమీటర్లు. చుట్టూ నీళ్లు తిరిగే గోడలు, మధ్యనా చివరలా పలకలు, కింద ఆయిల్ సంప్ కలుపుకున్నా అదే పవరు ఇచ్చే వరస ఆరు సిలిండర్ల ఇంజిన్ ముందు ఇది పసిబిడ్డ. 1,065 మి.మీ. ఎత్తు బండిలో కప్పును తోకదాకా లాగాలన్నా, మధ్యలో వెన్ను పెట్టి రెండువైపులా రెక్కలు తెరవాలన్నా ఇంజిన్ ఆ వెన్ను కింద ఇమడాలి. రోటరీ కాబట్టి ఇమిడింది.

1/24లో ఆ గది 10 మి.మీ. ఎత్తు, 7.5 మి.మీ. వెడల్పు. ఒక్కోటి 2.5 మి.మీ. మందం. చిటికెన వేలి గోరు పక్కన పెట్టి చూసుకోండి, ఇంచుమించు అంతే. చాలామంది మోడళ్లలో ఇంజిన్ పెద్దగా చేసి తప్పు చేస్తారు. మూతలు తెరిస్తే లోపల ఖాళీ కనిపించాలి. ఆ ఖాళీయే నిజం.

క్లచ్‌కేబుల్

బావా, ఇంజిన్ చిన్నది సరే. 250 పీఎస్ (మెట్రిక్ అశ్వశక్తి) ఇచ్చిందంటారే, అది ఎంతవరకు నమ్మాలి? మాజ్దావాళ్ల కాస్మో స్పోర్ట్ కారులో అదే 10ఏ 110 పీఎస్సే కదా. నెట్‌లో 14,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) అని కూడా తిరుగుతోంది.

రోటర్‌బావ

నమ్మాలా వద్దా అన్నది టార్క్ లెక్కే చెబుతుంది, తమ్ముడూ.

మొదటి కాస్మో స్పోర్ట్ (1967): 7,000 ఆర్‌పీఎం దగ్గర 110 పీఎస్, 3,500 దగ్గర 13.3 కేజీ-మీటర్లు, అంటే 130 న్యూటన్-మీటర్లు. పక్క పోర్టులు, రోడ్డు మీద నడిపే సర్దుబాటు.

250 పీఎస్ అంటే దాదాపు 184 కిలోవాట్లు. దాన్ని 9,000 ఆర్‌పీఎం దగ్గర తీయాలంటే 195 న్యూటన్-మీటర్లు కావాలి. టర్బో లేకుండా అదే 982 సీసీ నుంచి కాస్మో గరిష్ఠ టార్క్‌కు ఒకటిన్నర రెట్లు. 1970లో అది నమ్మడం కష్టం. 14,000 దగ్గర అయితే 125 న్యూటన్-మీటర్లు చాలు, కాస్మో కంటే తక్కువే. కాబట్టి 250 అన్న అంకె నిలబడాలంటే ఆ ఆర్‌పీఎం కూడా నిలబడాలి. రెండూ కలిసే బతుకుతాయి, కలిసే పోతాయి.

గాలి పీల్చే సంగతి: హౌసింగ్ గోడలోంచే పోర్టు తెరిస్తే (పెరిఫెరల్ పోర్ట్) పై ఆర్‌పీఎంలో గాలి ధారాళంగా వస్తుంది. దాని ఖరీదు ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ ఎక్కువసేపు కలిసి తెరుచుకుని ఉండటం. ఐడిల్‌లో ఎగుడుదిగుడు, తక్కువ ఆర్‌పీఎంలో ప్రాణం ఉండదు, చప్పుడు చెవులు చిల్లులు పడేంత. అప్పటి మాజ్దా ఆర్100 రేసు బళ్లలో ఇలాంటి 10ఏ 200 పీఎస్ పరిసరాల్లో ఉండేది.

అసలు పరీక్ష ఎపెక్స్ సీల్‌కు, అంటే రోటర్ మూలల్లో ఉండి గోడను అంటుకుని జారే పట్టీకి. షాఫ్ట్ మూడు చుట్లు తిరిగితే రోటర్ ఒక్క చుట్టు. సీల్ గోడ మీద జారే గరిష్ఠ వేగం = రోటర్ కోణీయ వేగం × (105 + 3 × 15), అంటే × 150 మి.మీ. షాఫ్ట్ 9,000 దగ్గర ఇది సెకనుకు 47 మీటర్లు. 14,000 దగ్గర 73 మీటర్లు. పైగా ఒక్క చుట్టులోనే ఈ వేగం 150కీ 60కీ మధ్య ఉన్న నిష్పత్తిలో, అంటే రెండున్నర రెట్లు, పెరిగి తగ్గుతూ ఉంటుంది. మాజ్దాలో రోటరీని నడిపించిన కెనిచి యమమొతో బృందాన్ని 1960ల్లో వేధించిన గోడ మీది అలల గీతలు, ‘దయ్యపు గోళ్ల గుర్తులు’ అన్నారే, అవి పుట్టింది సీల్ అదురు వల్లే. అల్యూమినియం పట్టించిన కార్బన్ సీల్‌తో దాన్ని దాటారు. షో బండి కోసం డైనమోమీటర్ (ఇంజిన్ పవరు కొలిచే యంత్రం) మీద కొద్దిసేపు 14,000 తిప్పడం వేరు, ఊరంతా తిరిగి రావడం వేరు. 250ని బ్రోచర్ మీది లక్ష్యంగానే తీసుకుంటాను. అదే నిజమైతే ఒక్కో పీఎస్‌కు 3.4 కిలోలు. 1970కి అది తలతిరిగే మాట.

గీతలమేస్త్రి

ఈ లెక్క చూశాక ఒక సంగతి తేటపడింది. టార్క్ తక్కువ, ఆర్‌పీఎం ఎక్కువ ఉన్న ఇంజిన్‌కు బరువు శత్రువు. 850 కిలోలకు దించడం మోజు కొద్దీ చేసింది కాదు, ఇంజిన్ స్వభావమే అడిగింది. సన్నటి స్తంభాలు, అద్దం నిండిన తల, అన్నీ ఆ దారినే వచ్చాయి.

సిగ్నల్‌పోస్ట్

వెనక దీపాల గురించి ఎవరూ మాట్లాడకముందే రాస్తున్నాను. ఈ బండిలో నాకు అన్నిటికంటే విలువైన ఆలోచన అదే.

మామూలు బండి వెనకవాడికి ఒక్క మాటే చెబుతుంది: ‘బ్రేకు మీద కాలు పెట్టాను’. ఆర్‌ఎక్స్-500 మూడు మాటలు చెప్పాలనుకుంది: వేగం పెంచుతున్నా, నిలకడగా పోతున్నా, తగ్గిస్తున్నా. నిస్సాన్ 126ఎక్స్ అదే షోలో అదే ఆలోచనను ముక్కు మీది దీపాల వరసలో చూపించింది. అంటే ఇది ఒక్కరికి వచ్చిన పిచ్చి ఊహ కాదు. జపాన్‌లో మోటారు రోడ్లు కొత్తగా పడుతున్న రోజులు, వేగంలో ఎడం పాటించడం అందరికీ కొత్త.

మరి రోడ్డుమీదికి ఎందుకు రాలేదు? మొదటిది చట్టం. రోడ్డు రవాణా మీది 1968 వియన్నా ఒప్పందం ప్రకారం బండి వెనక స్థాన దీపాలూ ఆపు దీపాలూ ఎరుపే. వెనకనుంచి ఆకుపచ్చ కనిపిస్తే ‘దారి ఉంది, రా’ అని చదువుకునే ప్రమాదం ఉంది. రెండోది కన్ను. మగవాళ్లలో ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియనివాళ్లు తక్కువేమీ కాదు. రైలు సిగ్నల్లో రంగు తెలియకపోయినా దీపం ఏ స్థానంలో వెలిగిందో చూసి చదవొచ్చు. రంగు ఒక్కదాని మీదే ఆధారపడితే ఆ తోడు ఉండదు. మూడోది, నిరంతరం మారే దీపం కాసేపటికి కన్నుకు అలవాటై అర్థం పోగొట్టుకుంటుంది. అత్యవసరానికి దాచుకోవాల్సిన ఎరుపు, ప్రతి చిన్న తగ్గుదలకూ వెలిగితే పలచబడుతుంది.

కానీ ఆలోచన చావలేదు. ఐక్యరాజ్య సమితి వాహన నియమాల్లో ఇప్పుడు రెండు చోట్ల దాని నీడ కనిపిస్తుంది. విద్యుత్ కారులో కాలు తీస్తేనే బండి ఆగుతుంది కదా, అక్కడ తగ్గుదల సెకనుకు సెకనుకు 1.3 మీటర్లు దాటితే బ్రేకు దీపం వెలగాల్సిందే, 0.7 లోపు వెలగకూడదు, మధ్యలో తయారీదారు ఇష్టం. గంటకు 50 కి.మీ. పైన గట్టిగా బ్రేకు వేస్తే, అంటే కార్లలో తగ్గుదల 6 మీటర్లు దాటితే, దీపాలు సెకనుకు సుమారు నాలుగుసార్లు కొట్టుకునే ఏర్పాటుకు కూడా చోటుంది. రెండూ ‘కాలు ఎక్కడుంది’ అన్నది వదిలి ‘బండి ఏం చేస్తోంది’ అన్నదే చెబుతాయి. 1970లో హిరోషిమావాళ్లు అడిగిన ప్రశ్న అదే.

కొలతబద్ద

నీలిమగారి మొదటి ప్రశ్నకు.

1/24 లక్ష్యాలు రాసి గోడకు అంటించుకోండి: పొడవు 180.4, వెడల్పు 71.7, ఎత్తు 44.4, వీల్‌బేస్ 102.1 మి.మీ. ఏ బ్లూప్రింట్ వాడినా ఈ నాలుగూ ఒకేసారి సరిపోవాలి. పొడవు సరిపోయి వీల్‌బేస్ తేడా వస్తే దాన్ని పక్కన పడేయండి, సాగదీసి వాడకండి.

ఫొటో నుంచి తీసేటప్పుడు వీల్‌బేస్‌నే కొలబద్ద చేసుకోండి. పక్క ఫొటోలో చక్రాల మధ్య 1,470 పిక్సెళ్లు వచ్చాయనుకుందాం, పిక్సెల్‌కు 1.667 మి.మీ. కానీ ఈ కొలబద్ద చక్రాల బయటి తలానికే సరిగ్గా వర్తిస్తుంది. పైకప్పు వెన్ను అక్కడి నుంచి సుమారు 860 మి.మీ. లోపల, అంటే కెమెరాకు దూరంగా ఉంటుంది. నాలుగు మీటర్ల నుంచి తీసిన ఫొటో అయితే వెన్ను దగ్గరి వస్తువులు 4 భాగించు 4.86, అంటే దాదాపు 18 శాతం చిన్నగా కనిపిస్తాయి. పదిహేను మీటర్ల నుంచి జూమ్ చేసి తీస్తే తేడా 5 శాతానికి తగ్గుతుంది. ఫోన్‌లో దగ్గరనుంచి తీసిన మ్యూజియం ఫొటోల మీద గీసిన బ్లూప్రింట్లలో కప్పు ఎప్పుడూ కుంగినట్టు ఉండటానికి కారణం ఇదే. ఈ బండికి కప్పే ప్రాణం అన్నారుగా, అదే తప్పుతుంది.

కాబట్టి ఆకారపు వంపుల కోసం దూరంనుంచి తీసినవి, వివరాల కోసం దగ్గరివి. రెంటినీ ఒకే గీతలో కలపకండి. ముక్కు వంపుకు ఎదురు ఫొటో, పై ఫొటో రెండూ ఉంటేనే గీయండి.

హిరోషిమా_దారి

బండి 2008లో బాగుచేశాక 2009 టోక్యో షోలో మళ్లీ కనబడింది. ఇప్పుడది హిరోషిమా నగర రవాణా మ్యూజియంలో (నుమాజి అన్న పేరుతో పిలుస్తారు) ఉంది. ఊరి మధ్యనుంచి ఆస్ట్రామ్ లైన్ ఎక్కి చోరాకుజి స్టేషన్‌లో దిగితే దగ్గరే. అమెరికాలో, జపాన్‌లో ఉన్న మనవాళ్లెవరైనా వెళ్తే తోక పలకను ఎదురుగా, దీపాల ఎత్తులో కెమెరా పెట్టి తీయండి. పైనుంచి తీసిన ఫొటోలు ఇప్పటికే బోలెడున్నాయి.

కీలుపట్టీ

తలుపు సంగతి. సీతాకోకచిలుక తలుపులో కీలు ఒక్కటే అక్షం, కాకపోతే అది నిలువుగానూ ఉండదు, అడ్డంగానూ ఉండదు. ముందు అద్దం స్తంభం పాదం దగ్గర ఒక బిందువు, అదే స్తంభం మీద కొంత పైన ఇంకో బిందువు. ఆ రెంటినీ కలిపే గీతే అక్షం. స్తంభం వెనక్కి, లోపలికి వాలి ఉంది కాబట్టి అక్షం కూడా అలాగే వాలుతుంది. ఆ వాలే తలుపును పక్కకు కాక పైకి లేపుతుంది. కంప్యూటర్‌లో అక్షం గీసి తలుపును 60 డిగ్రీలు తిప్పి చూడండి. వెనక మూల ఇంకా పక్కకే పోతుంటే అక్షాన్ని మరికాస్త వాల్చాలి.

కట్టేటప్పుడు 1 మి.మీ. లోపలి రంధ్రమున్న ఇత్తడి గొట్టం ముక్కలు రెండు, 0.8 మి.మీ. ఇత్తడి తీగ. గొట్టాలు రెంటినీ ముందు ఒకే తీగకు ఎక్కించి, ఆ తీగ ఉండగానే స్తంభానికి జిగురు పెట్టండి. విడివిడిగా అంటిస్తే రంధ్రాలు ఒకే గీతలో ఉండవు, తలుపు సగంలో బిగుసుకుంటుంది, లాగితే స్తంభం విరుగుతుంది. ఇది ఖాయం. స్తంభం మందం 1.2 మి.మీ. కంటే తగ్గించకండి.

తలుపు ముందు కింది మూల తెరుచుకునేటప్పుడు లోపలికి తిరిగి ఫెండర్‌కు కొట్టుకుంటుంది. లోపలి అంచును 0.3 మి.మీ. మేర ఏటవాలుగా చెక్కండి, బయటికి కనపడదు. తలుపు చుట్టూ సందు ప్రింట్‌లో 0.4 మి.మీ. ఉంచండి. ప్రైమర్, రంగు, వార్నిష్ కలిపి ఒక్కో అంచుకు 0.1 మి.మీ. మందం వస్తాయి. రంగు పడ్డాక 0.2 మిగులుతుంది. అసలు బండి మీద అది 5 మి.మీ. సందు, సరిగ్గా నప్పుతుంది. రంగుకు ముందే అందంగా ఉందని 0.2 పెట్టినవాళ్ల తలుపులు తర్వాత తెరుచుకోవు.

ఇంజిన్ రెక్కలకు నడివెన్ను మీద అదే పద్ధతి. తెరిచి నిలబెట్టడానికి 0.3 మి.మీ. పియానో తీగ.

దీపాలశీను

మూడో ప్రశ్న నాది.

3 మి.మీ. దీపాలు ఈ స్కేలుకు రాక్షసంగా ఉంటాయి. 0603 సైజు ఎల్‌ఈడీలు (1.6 × 0.8 మి.మీ.) వాడండి. కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే స్ట్రిప్ లెక్కన ఇస్తారు, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు ఒకే దుకాణంలో తీసుకోండి. రంగుకు ఆరు, ఒక్కోవైపు మూడు, అనుకుందాం.

విద్యుత్తు 5 వోల్టులు, ఒక్కో దీపానికి 10 మిల్లీఆంపులు. ఎరుపు, పసుపు దీపాలు సుమారు 2 వోల్టులు తింటాయి, మిగిలిన 3 వోల్టులకు 300 ఓంలు, దొరికేది 330. ఆకుపచ్చ సుమారు 3 వోల్టులు తింటుంది, 200 ఓంలు, దొరికేది 220. కానీ కన్నుకు ఆకుపచ్చే అన్నిటికంటే ప్రకాశంగా తోస్తుంది. 220తో పెడితే మిగతా రెండూ వెలవెలబోతాయి. 1 కిలో ఓంతో మొదలుపెట్టి చీకట్లో చూసి సర్దండి. ప్రతి దీపానికీ సొంత రెసిస్టర్ ఉండాలి. మూడింటికి కలిపి ఒకటి పెడితే ఒకటి మెరుస్తుంది, ఒకటి మినుకుమంటుంది.

ఆరు దీపాలకు 60 మిల్లీఆంపులు. ఆర్డుయినో నానో (దీపాలను నడిపే చిన్న కంట్రోలర్ బోర్డు) పిన్ను నుంచి నేరుగా అంత లాగితే పిన్ను పోతుంది. రంగుకొక బీసీ547 ట్రాన్సిస్టర్, బేస్‌కు 1 కిలో ఓం. తీగలు 0.1 మి.మీ. ఎనామిల్ పూతవి. పూతను బ్లేడుతో గీకకండి, తెగుతుంది. వేడి సోల్డర్ బొట్టులో ముంచితే అదే కాలిపోతుంది.

మోడల్ కదలదు కాబట్టి కింది పీఠానికి 10 కిలో ఓం జారుడు పొటెన్షియోమీటర్ పెట్టండి, అదే యాక్సిలరేటర్. తర్కం ఇలా: 16 రీడింగుల సగటు తీసుకో, 200 మిల్లీసెకన్ల కిందటి సగటుతో పోల్చు. తేడా 6 కంటే ఎక్కువ పెరిగితే ఆకుపచ్చ, 6 కంటే ఎక్కువ తగ్గితే ఎరుపు. రెండూ కాకుండా 400 మిల్లీసెకన్లు గడిస్తే పసుపు. విలువ పూర్తిగా సున్నాకు వస్తే ఎరుపు మీదే నిలిపెయ్.

నీలిమ_1బై24

శీనుగారూ, బ్రెడ్‌బోర్డు మీద పెట్టి చూశాం. చెయ్యి తీసేసినా పసుపు, ఎరుపు మధ్య గిలగిల కొట్టుకుంటోంది. రంగులు పక్క గదుల్లోకి కూడా కారుతున్నాయి. దీన్నే రిమోట్ కారులో పెట్టి యాక్సిలరోమీటర్ వాడితే మేలా?

దీపాలశీను

గిలగిలకు కారణం పొటెన్షియోమీటర్ గొణుగుడు (నాయిస్). మధ్య కాలుకూ గ్రౌండ్‌కూ 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. అప్పటికీ పోకపోతే 6ను 10 చేయండి. ల్యాప్‌టాప్ యూఎస్‌బీ బదులు ఫోన్ ఛార్జర్ వాడితే కొన్నిసార్లు గొణుగుడు పెరుగుతుంది, అదీ చూసుకోండి. ఒకసారి రంగు మారాక కనీసం 300 మిల్లీసెకన్లు మార్చకుండా పట్టి ఉంచండి.

రంగు కారడానికి మందు: దీపపు గదుల లోపల ముందు నల్ల రంగు, దాని మీద తెలుపు. తెలుపు ఒక్కటే వేస్తే పలచని రెజిన్ గోడ లాంతరులా వెలుగుతుంది. గోడ మందం కనీసం 0.8 మి.మీ.

యాక్సిలరోమీటర్ వద్దు. అది వాలును కూడా వేగం మారడమనే అనుకుంటుంది. ఐదు డిగ్రీల ఎత్తుపల్లంలో ఊరికే నిలబెట్టినా సెకనుకు సెకనుకు 0.85 మీటర్లు చూపిస్తుంది. సిగ్నల్‌పోస్ట్‌గారు చెప్పిన 0.7 హద్దు అప్పుడే దాటిపోయింది. రిమోట్ కారైతే చక్రానికి చిన్న అయస్కాంతం, పక్కన హాల్ సెన్సర్ పెట్టి చుట్ల మధ్య కాలం కొలవండి. అసలు వేగం అదే చెబుతుంది.

రంగులపెట్టె

ముందు అద్దం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి. 0.5 మి.మీ. పెట్‌జీ (పారదర్శక ప్లాస్టిక్) షీటును వేడిచేసి వాక్యూమ్‌తో అచ్చు మీదికి లాగాలి. అచ్చుగా బోలు రెజిన్ ప్రింట్ వాడితే ఆ వేడికి మెత్తబడి కుంగుతుంది. గట్టి దంత ప్లాస్టర్ పోసి, 1000 నంబరు కాగితంతో నున్నగా రుద్ది వాడండి. అచ్చు మీద ఉన్న ప్రతి గీతా అద్దంలో కనబడుతుంది. అచ్చును అద్దం మందం మేర, అంటే 0.5 మి.మీ., లోపలికి తగ్గించి చేయండి. లేదంటే అద్దం స్తంభాల కంటే ఉబ్బి కూర్చుంటుంది.

ఒంటికి: సపోర్టు మచ్చలు 400తో, తర్వాత ప్రైమర్, 800, మళ్లీ ప్రైమర్, 1000. వెండి రంగు వేయాలనుకుంటే కింద మెరిసే నలుపు బేస్ తప్పనిసరి. వెండి రంగు గీతలను దాచదు, ఎత్తి చూపిస్తుంది. రెజిన్‌ను కడిగి, అతినీల దీపం కింద పూర్తిగా గట్టిపరచకుండా రంగు వేస్తే నెలల తర్వాత కూడా లోపలి జిడ్డు బయటికొచ్చి పొక్కులు వస్తాయి. ముఖ్యంగా ఆ పొడుగు కప్పు మీద.

క్లచ్‌కేబుల్

ఒక చిన్న సందేహం. మాజ్దా తర్వాత మధ్య ఇంజిన్ బండి అమ్మనేలేదా?

రోటర్‌బావ

1973 అక్టోబరులో చమురు కరువు వచ్చాక రోటరీ దాహమే కంపెనీకి గండమైంది. 1978లో వచ్చిన ఆర్‌ఎక్స్-7లో ఇంజిన్‌ను ముందు ఇరుసు వెనక్కి జరిపారు, కానీ సీట్లకు ముందే. ఇంజిన్ చిన్నదవడం అక్కడ ముక్కును పల్చగా దించడానికి పనికొచ్చింది. మధ్య ఇంజిన్, పైకి లేచే తలుపులు రెండూ కలిసి మాజ్దా గూటి నుంచి అమ్మకానికి వచ్చింది 1992లో, ఆటోజామ్ ఏజెడ్-1. కాకపోతే అందులో ఉన్నది 657 సీసీ సుజుకి పిస్టన్ ఇంజిన్. మధ్యలో రోటరీ పెట్టుకుని పెద్ద పని చేసింది 787బీ రేసు బండి, 1991 లె మాన్స్ 24 గంటల రేసు గెలిచింది. దాన్ని కొనుక్కోలేం.

నీలిమ_1బై24

అక్షం వాల్చి తిప్పి చూశాం, 60 డిగ్రీల దగ్గర వెనక మూల ఇప్పుడు పైకే పోతోంది. 0.1 మైక్రోఫారడ్‌తో గిలగిల ఆగింది. ఆకుపచ్చకు చివరికి 1.5 కిలో ఓంల దగ్గర మూడు రంగులూ సమానంగా కనిపిస్తున్నాయి. తోక పలకకు జాలీ కోస్తున్నాం. కొలతబద్దగారూ, కప్పు వంపుకు దూరపు ఫొటోతో గీసిన పక్క గీత పెడతాం, ఒకసారి 44.4తో సరిచూడండి.

కొలతబద్ద

పెట్టండి. దాంతోపాటు కెమెరా ఎంత దూరంలో ఉందో, ఎంత ఎత్తులో ఉందో కూడా రాయండి. ఆ రెండూ లేకుండా చూసి చెప్పడం కుదరదు.